దేవనహళ్ళి నుండి సాన్ ఫ్రాన్సిస్కోకు ఎన్ని గంటలు?



మా చెల్లెలు కాలిఫోర్నియాలో కాపురమున్నది. 2022వ సంవత్సరము డిసెంబరులో దానికి తొలికాన్పు. పురిటికి పుట్టినింటికి వచ్చు వీలు లేకపోయినందున పుట్టినిల్లే దానియొద్దకు పోవలసివచ్చినది. అనగా, అరువదినాలుగేండ్ల మా అమ్మ, ఎన్నడును తిరుపతి దాటి ఒంటరిగ పోయి యెరుగనిది, భూమికి ఆవలివైపునకు ఒక్కతెయే పోవుటకు నిశ్చయమైనది.

మా అన్నయ్య హిందూపురమున నుండును. బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్ళి యొద్ద నున్నది గనుక, మా ప్రాంతమువారికి అది కారులో రెండు గంటల దారి. టిక్కెట్టు వచ్చిననాడు అన్నయ్య దానిని అమ్మకు చదివి వినిపించెను. దేవనహళ్ళి విడుచుట మధ్యాహ్నము 2-20. సాన్ ఫ్రాన్సిస్కో చేరుట సాయంకాలము 5-00. తేదీ రెంటికిని ఒక్కటే.

అమ్మ వ్రేళ్లు మడిచి లెక్కించి, నాకు ఫోను చేసినది. "ఏమే, రెండు గంటలా నలభై నిమిషాలేనటే! తిరుపతికి పోవాలన్నా ఇంతకు రెండింతలు పడుతుంది గదా. దీనికి పులిహోర మూటలెందుకు, ఇన్ని మందులెందుకు? మీ వదిన ఊరికే కంగారుపడుతోంది."

మేమందరము నవ్వితిమి. కాని నవ్వి విడిచిపెట్టవలసిన మాట కాదది. అమ్మకు చక్కెర వ్యాధి యున్నది. ఉదయము, రాత్రి, అన్నమునకు ముందు వేళ తప్పక మాత్రలు వేసికొనవలెను. ఆ విమానములో కూర్చుండి ఆమె తన చేతిగడియారమును చూచుకొనునా, దిగవలసిన యూరి గడియారమును తలచుకొనునా? రెండు వేళల మాత్రలు మానినను ముప్పే, ఒకే వేళకు రెండుమారులు వేసికొనినను ముప్పే. కావున ఎంత దూరము, ఎన్ని గంటలు అను ప్రశ్న మా యింట వినోదమునకై పుట్టినది కాదు.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆ సాయంకాలము పాఠశాల నుండి గోళమును, గోడకు వ్రేలాడదీయు ప్రపంచ పటమును తెచ్చి, ముందుగా పటముమీద బెంగుళూరు నుండి సాన్ ఫ్రాన్సిస్కోకు బద్ద పెట్టి తిన్నగా గీత గీచిరి. ఆ గీత అరేబియా మీదుగా, సహారా ఎడారి మీదుగా, అట్లాంటిక్ సముద్రము దాటి, అమెరికా నంతయు అడ్డముగ కోసికొని పోయినది. ఆ దారిని పోయినచో సుమారు 20,000 కి. మీ. అగును. "విమానము ఈ దారిని పోదు," అని ఆయన నవ్విరి. "భూమి గుండ్రముగ నున్నది. కాగితము చదునుగ నున్నది. గుండ్రని దానిని చదును చేయునపుడు ఉత్తర దక్షిణ ప్రాంతములను సాగదీయక తప్పదు. పటముమీద తిన్ననిది భూమిమీద వంకర యగును."

అంతట నా కుట్టుపెట్టెలోని దారపుకండె కావలసివచ్చినది. దారము ఒక కొనను గోళముమీద బెంగుళూరు నొద్ద నేను బొటనవ్రేలితో అదిమితిని. రెండవ కొనను ఆయన సాన్ ఫ్రాన్సిస్కో నొద్ద బిగించి లాగిరి. దారము తనంతట తాను జారి, తనకు నచ్చిన దారిని నిలిచినది. చూచితిని గదా, అది పడమరకును పోలేదు, తూర్పునకును పోలేదు. మన నడినెత్తిమీదుగా ఉత్తరమునకు పోయినది! అనంతపురము, కడప జిల్లాల నడుమనుండి, నల్లగొండ మీదుగా, నేపాళములో ధవళగిరి ప్రాంతమును తాకి, తిబ్బతు, మంగోలియా, సైబీరియా దాటి, ఉత్తర అక్షాంశము 71 వరకు ఎక్కి, అలాస్కాలో దెనాలి పర్వతము చెంతనుండి మరల క్రిందికి దిగినది. కాలిఫోర్నియాకు పోవలసినవారికి నల్లగొండ దారిలో తగులునని నేను కలలోనైన తలచితినా?

గోళము అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. చుట్టుకొలత 94. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి. మీ. గనుక దారముమీద ఒక సెంటీమీటరునకు సుమారు 425 కి. మీ. వచ్చును. దారము కొలిచినచో 33 సెంటీమీటర్లు, మన లెక్కలో జానెడున్నర, తేలినది. గుణించి చూడుడు: 14,000 కి. మీ. కొంచెము హెచ్చు తగ్గుగ ఇదియే ఈ రెండు విమానాశ్రయముల నడుమ గల దూరము. విమాన సంస్థవారు చెప్పినది 13,993. కుట్టుదారముతో కొలిచిన కొలతకు ఇంతకంటె ఏమి కావలెను? ఇట్లు గోళముమీద రెండు చోట్లను కలుపు అతిచిన్న దారిని మహావృత్త మార్గమందురు. ఎక్కడనైన రెండు విమానాశ్రయముల నడుమ దూరమిది యని పుస్తకములలో చూచినచో, అది సాధారణముగ ఈ దారపు కొలతయే యని తెలిసికొనవలెను.

అయితే, విమానము దారము చూపినట్లే పోవునా యనగా, అదియు పోదు. ఇచ్చటనే లెక్క చిక్కుపడుచున్నది.

మొదటి చిక్కు తిబ్బతు. విమానము పది కిలోమీటర్ల ఎత్తున పోవునపుడు వెలుపల గాలి పీల్చుటకు చాలదు. లోపల గాలిని అదిమి నింపియుంతురు. ఏ కారణముననైన ఆ గాలి జారిపోయినచో, పదివేల అడుగుల ఎత్తునకు తొందరగ దిగవలెను. తిబ్బతు మీద అట్లు దిగుటకు చోటేది? అచ్చటి నేలయే అంతకంటె ఎత్తుగ నున్నది. కావున పెద్ద విమానములు ఆ పీఠభూమిని వీలైనంతవరకు తప్పించి, చుట్టు తిరిగి పోవును. దారికి కొన్ని వందల కిలోమీటర్లు కలియును.

రెండవది గాలి. ఇది అన్నిటికంటె రుచియైన సంగతి గనుక కొంచెము నిలిచి చెప్పెదను. ఆ పది కిలోమీటర్ల ఎత్తున, మనయంత దక్షిణమున గాక ఇంకను ఉత్తరముగ, పడమటినుండి తూర్పునకు ఒక గొప్ప వాయుప్రవాహము పారుచుండును. ఇంగ్లీషువారు దానిని జెట్ స్ట్రీం అందురు. శీతకాలమున దాని వేగము గంటకు 200 కి. మీ. దాటుటయు కలదు. గాలిలో విమానపు వేగము గంటకు సుమారు 900. ఏటి వాలున పోవు పడవకును ఎదురీదు పడవకును గల భేదమే ఇచ్చటను. దారి పొడుగునను సగటున నూరు కిలోమీటర్ల వాలుగాలి దొరికినచో 15,000 కి. మీ. దారిని 15 గంటలలో ముగింపవచ్చును. నూరు కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినచో 14,000 కి. మీ. దారికే పదియేడున్నర గంటలు పట్టును. పొడుగు దారి పొట్టిది, పొట్టి దారి పొడుగుది అయినది చూచితిరా!

ఇది కల్పించిన లెక్క కాదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియావారు ఇట్లే చేసి చూపిరి. ఢిల్లీ నుండి సాన్ ఫ్రాన్సిస్కోకు దారపు కొలత 12,400 కి. మీ. కంటె కొంచెము తక్కువ. అంతవరకు వారి విమానము పడమరగా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి. మీ. పోవుచుండెను, దారి పొడుగునను ఎదురుగాలి. ఆ నెలలో తూర్పునకు తిరిగి, పసిఫిక్ మహాసముద్రము మీదుగా 15,300 కి. మీ. పోయిరి. 1,400 కి. మీ. ఎక్కువ దూరము; ప్రయాణము మాత్రము పదునాలుగున్నర గంటలలో ముగిసినది, అనగా మునుపటికంటె రెండు గంటలకు చేరువగ తగ్గినది. ఢిల్లీకిని సాన్ ఫ్రాన్సిస్కోకును దూరమెంత యని ఎవరైన అడిగినచో ఈ మూడంకెలలో ఏది చెప్పవలెను? అడిగినవారికి ఏమి కావలెనో తెలిసికొని చెప్పవలెను.

ఈ మాట విన్నపుడు అమ్మ ఒక ప్రశ్న వేసినది. "భూమి తిరుగుతోంది గదా నాయనా. విమానం పైకి లేచి ఊరికే నిలబడితే, అమెరికాయే కిందకు రాదా?" మా వారు, "అత్తయ్యగారూ, ఈ ప్రశ్న మా పదవ తరగతిలో సంవత్సరమునకు ఒక్కడైన అడుగును," అనిరి. భూమితోపాటు గాలియు తిరుగుచున్నది. గాలిలో నున్న విమానమును ఆ గాలితోపాటే తిరుగుచున్నది. నడచుచున్న రైలులో బిడ్డ ఎగిరి దూకినచో వెనుక పెట్టెలో పడడు గదా.

మూడవ చిక్కు మనుష్యులు పెట్టినది. ఆకాశమునకును పొలిమేరలున్నవి. 2022లో యుద్ధము వచ్చిన పిమ్మట రష్యా తన గగనమును యూరపు విమానములకు మూసినది. అంతకుమునుపు హెల్సింకి నుండి టోక్యోకు సుమారు తొమ్మిది గంటలలో పోవుచుండిన ఫిన్నెయిర్ విమానమునకు పదుమూడు గంటలు పట్టసాగెను. ఊళ్లు కదలలేదు, దారము కొలత మారలేదు, నాలుగు గంటలు మాత్రము పెరిగినవి. 2025 ఏప్రిలులో పాకిస్తాను మన విమానములకు తన గగనమును మూసినపుడు ఢిల్లీ నుండి పడమరకు పోవువారికిని ఇట్లే అయినది. పొరుగువారితో తగవు వచ్చినచో బావికి చుట్టుదారిని పోవలసివచ్చుట మన ఆడువారికి క్రొత్త సంగతి కాదు.

ఇక ఉత్తర ధ్రువము. 2021 జనవరి 9వ తేది రాత్రి సాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు నేరుగా మొదటి విమానము బయలుదేరినది. దానిని నడిపినవారు నలుగురును స్త్రీలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనవారే, కెప్టెన్ శివానీ మన్హాస్. వారు ధ్రువము మీదుగా వచ్చి 11వ తేది తెల్లవారకమునుపే దేవనహళ్ళిలో దిగిరి. పసిఫిక్ మీదుగా వచ్చినచో ఆ ఎదురుగాలి తప్పదు గనుక పైకి పోయి తప్పించుకొనిరన్నమాట. ధ్రువము చెంత దిక్సూచి పనికిరాదు. వెలుపలి చలికి ఇంధనము గడ్డకట్టు స్థితికి చేరకుండ దాని వేడిమిని కనిపెట్టుచుండవలెను. ఇంజనునకు ఏమైన జరిగినచో దిగుటకు ఎంతసేపటి దూరములో ఏ విమానాశ్రయమున్నదో ముందే నిర్ణయించుకొని బయలుదేరవలెను. అమ్మకు ఈ వర్తమానమును చదివి వినిపించినపుడు తక్కిన చిక్కులన్నియు ఆమె చెవిని పడలేదు. "నలుగురూ ఆడపిల్లలేనా?" అని రెండుమారులు అడిగి, ఆ రాత్రి మొదటిసారిగ తన పెట్టె తాను సర్దుకొనినది.

దిగుటకు చోటు చూచుకొనవలెనను నియమము వట్టి పుస్తకపు నియమము కాదు. 2023 జూను 6వ తేదిని ఢిల్లీ నుండి సాన్ ఫ్రాన్సిస్కోకు పోవుచుండిన విమానము ఇంజను లోపముచే రష్యా తూర్పు తీరమున మగదాన్ అను ఊరిలో దిగినది. 216 మంది ప్రయాణికులు. తరువాత మరియొక విమానము పోయి వారిని గమ్యము చేర్చినది. అప్పటికి అమ్మ తిరిగివచ్చి నెలలు గడచినవి. అయినను టెలివిజనులో ఆ వార్త వచ్చినపుడు లేచి పోయి దేవునియెదుట దీపము పెట్టినది.

దూరపు మాట ఇంతటితో చాలును. గంటల మాటకు వత్తును.

నా చదువు బడిలో సాగినది కాదు. మా నాన్నగారే గురువు. కావ్యములు ముగిసిన పిమ్మట ఆయన నాకు ఆర్యభటీయములోని గోళపాదమును కొంత చెప్పిరి. అందు భూమధ్యరేఖమీద నాలుగు పట్టణములను చెప్పుదురు: లంక, యమకోటి, సిద్ధపురము, రోమకము. లంకలో సూర్యుడు ఉదయించునపుడు యమకోటిలో మధ్యాహ్నము, సిద్ధపురమున అస్తమయము, రోమకమున అర్ధరాత్రము. నాకు అప్పుడు పదునొకండు పండ్రెండేండ్లు. నాన్నగారు బత్తాయిపండును పట్టుకొని దీపమునెదుట త్రిప్పుచు, "చూడు తల్లీ, ఇది పొద్దున, ఇది రాత్రి. రెండును ఒక్క క్షణమే. వేళ యన్నది నీవు నిలిచిన చోటి పేరు," అనిరి. పండు తరువాత నాకే యిచ్చిరి. ఆ బత్తాయిపండే ముప్పదియైదవ యేట నాకు అక్కరకు వచ్చినది.

మన దేశపు గడియారము గ్రీనిచ్ గడియారముకంటె అయిదున్నర గంటలు ముందుండును. కాలిఫోర్నియాది శీతకాలమున ఎనిమిది గంటలు వెనుకనుండును. రెంటికి నడుమ పదుమూడున్నర గంటలు. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పుదురు గనుక అప్పుడు పండ్రెండున్నర. ఇప్పుడు అమ్మ టిక్కెట్టు చూడుడు. దేవనహళ్ళిలో మధ్యాహ్నము 2-20. సాన్ ఫ్రాన్సిస్కోలో సాయంకాలము 5-00 అనగా మనకు మరునాటి ఉదయము 6-30. కావున ప్రయాణము 16 గంటల 10 నిమిషములు. అదియును గాలిలో నుండు కాలము మాత్రమే కాదు. విమానము తన నిలుపుచోటు విడిచి కదిలినది మొదలు, ఆవలి నిలుపుచోట ఆగువరకు గల కాలము. కాలపట్టికలన్నియు ఇట్లే లెక్కించును. విమానము బారులో నిలిచి వేచియుండుట, దిగిన తరువాత నేలమీద ప్రాకుట, అన్నియు ఇందులోనివే.

వైద్యుడు మా అమ్మకు ఒక్కమాటలో తేల్చిచెప్పెను: చేతిగడియారమును ముట్టుకొనవద్దు, దిగువరకు హిందూపురపు వేళయే నీ వేళ, రాత్రి మాత్ర విమానములో, ఉదయపు మాత్ర అచ్చట దిగిన పిమ్మట, తరువాత వేళలు మార్చుటకు ఈ కాగితము. ఇది మా అమ్మకు చెప్పినది మాత్రమే. ఎవరి మందులకు వారి వైద్యుని అడుగవలెను. మా వదిన మాత్రలను రెండు పొట్లములు కట్టి, ఒకదానిమీద "రాత్రి 8, మన వేళ" అనియు, రెండవదానిమీద "దిగిన తరువాత" అనియు పెద్ద అక్షరములతో వ్రాసినది. గంటకొకమారు లేచి నడువుమనియు, నీళ్లు త్రాగుచుండుమనియు చెప్పి పంపితిమి.

అమ్మ క్షేమముగ చేరినది. చేరిన వెంటనే ఫోనులో చెప్పిన మొదటి మాట ఇది: "ఏమే, సాయంకాలం దీపాలవేళ మబ్బులమీద చూసినాను. ఒక కునుకు తీసినానో లేదో తెల్లవారింది. ఇక్కడ దిగితే మళ్లా దీపాలవేళ. ఒక్క తేదీకి రెండు సంధ్యలు! మీ నాన్న ఉంటే ఏ సంధ్య వార్చమనేవారో?" తూర్పునకు పోవువారికి దినరేఖ దాటునపుడు ఒక తేదీ మరల దొరకును. ఆ లెక్క నేను చెప్పబోవునంతలో మా చెల్లెలు ఫోను లాగికొనినది. నాలుగవ దినమున ఆడపిల్ల పుట్టినది.

తిరుగు ప్రయాణముతోనే మాకు అసలు చిక్కు వచ్చినది.

మా నాన్నగారి ఆబ్దికము మాఘ బహుళములో. ఆ యేడు అది ఆదివారము పడినది. అమ్మ ఆ నాటికి హిందూపురము చేరి, తలస్నానము చేసి, మడిబట్ట ఆరవేసికొని, వదినతో కలసి వంట చేయవలెనని ఆమె పట్టు. ఆయన పోయిన తరువాత ఒక్క యేడైనను తప్పలేదు. టిక్కెట్టు కొన్నచోట అన్నయ్య అడిగినపుడు వారు, "పదియేడున్నర గంటలు సార్," అనిరట. అన్నయ్య లెక్కించెను: శుక్రవారము రాత్రి 9 గంటలకు బయలుదేరును, శనివారము మధ్యాహ్నము రెండున్నరకు దిగును, సాయంకాలమునకు ఇల్లు చేరును. ఆదివారమునకు ఒక రాత్రి మిగులును. నిశ్చింతగ నుండెను.

ప్రయాణమునకు పది దినముల ముందు నేను హిందూపురము పోయినపుడు, వదిన శనివారము రాత్రికి అమ్మకు ఉప్పుడుపిండి చేయవలెనని అనుచుండగా, ఎందుకో నాకు మనస్సున చివుక్కుమన్నది. బత్తాయిపండు తలపునకు వచ్చినది. అచ్చట శుక్రవారము రాత్రి 9 అనగా మనకు శనివారము ఉదయము 10-30. అప్పటికి విమానము ఇంకను లేవనే లేదు. అందు పదియేడున్నర గంటలు కలిపితిని. ఆదివారము తెల్లవారుజాము 4 గంటలు! పాస్‌పోర్టు చూపుట, పెట్టెలు తెచ్చుకొనుట, దారి, అన్నియు కలిసి ఇల్లు చేరుసరికి ఎనిమిది. అది విమానము వేళకు వచ్చిన మాట. పొగమంచు వలననో మరి దేని వలననో ఆరేడు గంటలు ఆలసించినచో, బ్రాహ్మణులు విస్తళ్ల యెదుట కూర్చున్నపుడు అమ్మ ఏ మేఘములమీదనో యుండును.

అన్నయ్య మొగము వెలవెలబోయినది. పదియేడున్నర గంటలన్నది అబద్ధము కాదు. కాని ఏ గడియారమున మొదలుపెట్టి ఏ గడియారమున ముగింపవలెనో వారు చెప్పలేదు, ఆయన అడుగలేదు.

ఆ విమానము ప్రతిదినము ఉండునది కాదు. దానికి ముందరిది బుధవారము రాత్రి. టిక్కెట్టు మార్చుకొనుటకు రుసుము కట్టవలెను, అది పోనిండు. మా చెల్లెలికి ఫోను చేసి చెప్పగానే అది కొంచెముసేపు పలుకలేదు. తరువాత, "అక్కా, గురువారం పాపకు రెండో నెల టీకాలు. అమ్మ ఉంటుందని ధైర్యంగా ఉన్నా. ఆయనకు ఆ రోజు సెలవు లేదు. ఆ రెండు రోజులు కూడ నాకు దక్కనివ్వవా?" అన్నది. టీకాల దినము మార్చుటకు ప్రయత్నించినది. వీలుపడలేదు. "అమ్మ ఇక్కడే ఉండి తిథి పాటిస్తే తప్పేముంది? తిథి ఇక్కడ మాత్రం రాదా?" అని యడిగినది.

న్యాయమైన ప్రశ్నయే. తిథి యనగా సూర్యచంద్రుల నడుమ పండ్రెండేసి భాగల ఎడము. అది లోకమునకంతటికి ఒక్క క్షణముననే మొదలై ఒక్క క్షణముననే ముగియును. గడియారములు వేరగుటచే ఇచ్చట ఆదివారము మొదలగునది అచ్చట శనివారమే మొదలగుచుండును. పాటింపదలచిన పాటింపవచ్చును. కాని అమ్మకు కావలసినది తిథి మాత్రమే కాదనియు, నాన్నగారు కూర్చుండిన ఆ నడవయు, ఆ పెరటి అరటియాకులు ననియు నాకు తెలియును. చెల్లెలికి కావలసినదియు నాకు తెలియును. దానికి పురిటి మంచమున కాళ్లు పట్టినది అమ్మ. నేను ఏమియు చెప్పలేక, ఫోనును అమ్మకిమ్మంటిని.

అమ్మ చాలసేపు ఆలోచించి, "బుధవారమే వస్తాను," అన్నది. మరునాడు చెల్లెలికి బిడ్డను టీకా తరువాత ఎట్లు ఎత్తుకొనవలెనో, ఏ భుజముమీద వేసికొనవలెనో, ఒక దిండును పట్టుకొని మూడుమారులు చూపినదట.

బుధవారము రాత్రి విమానమెక్కినది. శీతకాలమున ఉత్తరముగ, ధ్రువమునకు చేరువగ వచ్చు విమానమునకు ఒక వింత గలదు. ఆ ప్రాంతమున అప్పుడు సూర్యుడు పొడుచుటయే లేదు. ఆ చీకటి దాటి ఇటువైపునకు వచ్చుసరికి ఇచ్చట మరల రాత్రి. అమ్మ నిద్రపట్టక కిటికీ రెప్పను ఎన్నిమారులు ఎత్తి చూచినను చీకటియేనట. చేతిగడియారమును మాత్రము ఈ మారును ముట్టుకొనలేదు.

శుక్రవారము తెల్లవారుజామున నేనును అన్నయ్యయు దేవనహళ్ళిలో నిలిచియుంటిమి. అయిదు గంటలగుచుండగా అమ్మ బండి త్రోసికొనుచు వెలుపలికి వచ్చినది. కాళ్లకు మ్రొక్కనిచ్చినది కాదు. "ముందు దానికి ఫోను చెయ్యి. నిన్న టీకాలు వేయించింది గదా, రాత్రంతా బిడ్డకు జ్వరమో ఏమో. తెలిసేదెట్లా నాకు ఆ ఆకాశంలో?" అన్నది.

చేసితిని. చెల్లెలు మెల్లగ, బిడ్డ ప్రక్కన నున్నట్లు గుసగుసగ పలికినది. "ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినామమ్మా. కొంచెం ఏడ్చింది. నువ్వు చూపినట్లే ఎడమ భుజాన వేసుకున్నా. నిద్రపోయింది. ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర."

అమ్మ ఫోనును చెవినుండి తీసి, దానివైపొకమారు, తెల్లవారుచున్న తూర్పువైపొకమారు చూచినది. "బుధవారం రాత్రి ఎక్కినాను, శుక్రవారం దిగినాను. మధ్యన గురువారం నా కంటికే కనబడలేదు. అది అక్కడ వీళ్లింట్లో ఇంకా నడుస్తోందటే!" అని, మరల ఫోనును చెవికి ఆనించుకొని, "సరే, సాయంత్రం వరకూ ఒళ్లు చూస్తూ ఉండు. నేను మేలుకునే ఉంటాను," అన్నది.